నెత్తి మీద చేయి

2017 నవంబరు నెల. పత్తి తీతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. అప్పుడు మా క్రింద మూడు గ్రామాల సంఘాలు ఉండేవి. ఆదివారం తెల్లవారగానే ఒక ఊరిలో ఆరాధన, పదకొండు గంటలకు మరొక ఊరిలో, రాత్రికి ఇంకొక ఊరిలో. మధ్యలో గతుకుల రోడ్డు, పాత మోటారు సైకిలు, మెడకు తగిలించుకొన్న సంచిలో బైబిలు, పాటల పుస్తకం, సంస్కారపు పాత్రలు. పదిహేనేళ్ళుగా అదే సంచి, అదే మెడ.

ఒక సోమవారం తెల్లవారుజామున ఎడమ భుజం వెనుక ఎవరో మేకు దిగగొట్టినట్లు నొప్పితో లేచాము. సాయంత్రానికి అది జబ్బ మీదుగా, మోచేతి వెనుక నుండి నడిమి వేలి కొస దాకా కరెంటు తీగలాగా ప్రాకింది. ఎడమ చేయి అనగానే మా శ్రీమతి గుండెపోటని భయపడి, ఆటో పిలిపించి పట్నం తీసుకొని వెళ్ళింది. ఇ.సి.జి. తీశారు. గుండె బాగానే ఉన్నదన్నారు. ఆమె చేసినది మంచి పని. చదువరులారా, ఎడమ చేయి లాగితే మొదట గుండెనే చూపించుకొనండి. మెడ సంగతి మరునాడు చూచుకోవచ్చును.

తరువాతి వారమంతా నిద్ర లేదు. పడుకొంటే నొప్పి, తల వెనుకకు వంచితే నొప్పి, తుమ్మితే నొప్పి. ఒక్క భంగిమలో మాత్రమే ఉపశమనంగా ఉండేది. ఎడమ చేయి ఎత్తి నెత్తి మీద పెట్టుకొంటే నరం మీద లాగుడు తగ్గి ప్రాణం లేచివచ్చేది. అయితే నెత్తిన చేయి పెట్టుకొని కూర్చున్న పాస్టరును మన గ్రామాలలో ఎవరు చూచి ఊరుకొంటారు? "అయ్యగారింట్లో ఏం జరిగిందమ్మా?" అని స్త్రీల సమాజం వారు వరుసగా వచ్చి మా శ్రీమతిని పరామర్శించి వెళ్ళారు. మా అత్తగారైతే, "చెయ్యి దించు నాయనా, ఇంటికి మంచిది కాదు" అని కోప్పడ్డారు. ఆరాధన చివర ఆశీర్వాదానికి రెండు చేతులు ఎత్తినప్పుడు మాకు కలిగిన హాయి ఆ నెలలో మరెప్పుడూ కలుగలేదు. ఆశీర్వాదం కొంచెం నిదానంగా చెప్పేవారమని ఇప్పుడు ఒప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు.

గుంటూరులో ఒక నరాల శస్త్రవైద్యుని దగ్గరకు వెళ్ళాము. ఆయన మా చేయి పట్టుకొని, "నన్ను నెట్టండి" అన్నారు. కుడి చేతితో నెట్టగలిగాము. ఎడమ చేయి మోచేతి దగ్గర మడత పడిపోయింది. నడిమి వేలు మొద్దుబారినదని మేము చెప్పకముందే ఆయన చెప్పారు. మెడలో ఆరవ ఎముకకు, ఏడవ ఎముకకు మధ్య ఉన్న డిస్కు జారితే సాధారణంగా ఆ వేలే మొద్దుబారుతుందట. ఐదవ, ఆరవ ఎముకల మధ్య అయితే బొటనవేలు, చూపుడు వేలు. ఎక్స్‌రేలో ఎముకలు కనబడతాయి గాని డిస్కు కనబడదు. దాని కొరకు ఎమ్మారై తీయించాలి. మాకు ఆరు వేల పై చిల్లర అయినది. సంఘ పెద్దలు అడగకుండానే సర్దారు.

డిస్కు అంటే ఏమిటో ఇంటికి వచ్చిన ప్రతివారికీ మేము తాటిముంజను చూపించినట్లు చెప్పేవారము. మెడలో ఏడు ఎముకలు ఉంటాయి. మొదటి రెంటి మధ్య తప్ప, క్రింద ప్రతి రెండు ఎముకల మధ్య ఒక మెత్త ఉంటుంది. చుట్టూ గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. వయస్సు మీద పడేకొద్దీ పై పొర ఎండి పగులుతుంది. ఒక రోజు ఆ పగులులో నుండి ముంజలోని నీరులాగా గుజ్జు బయటకు పొంగి, ప్రక్కనే చేతిలోకి దిగే నరాన్ని నొక్కుతుంది. నొక్కుట మాత్రమే కాదు, అక్కడ వాపు, మంట కూడా పుట్టిస్తుంది. మెడలో జబ్బు ఉంటే వేలిలో బాధ ఎందుకంటే, నరం ఏ వేలిదైతే బాధ ఆ వేలిది.

డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించి, "ఆపరేషను ఇప్పుడు అవసరం లేదు" అన్నారు. మేము నమ్మలేదు. ఇంత నొప్పికి ఆపరేషను అవసరం లేకపోవుట ఎట్లా సాధ్యం? ఆయన ఓపికగా చెప్పారు. ఇట్లా నరం నొక్కుకొన్న వారిలో ఎక్కువ మందికి ఆరు వారాల నుండి మూడు నెలల లోపల దానంతట అదే తగ్గుతుంది. బయటకు వచ్చిన గుజ్జును శరీరమే కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. 2009లో నెదర్లాండ్సు వైద్యులు ఇటువంటి రోగులను 205 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మెడపట్టీ, ఒక గుంపుకు వ్యాయామం ఇచ్చి, మూడవ గుంపును ఊరకనే కనిపెట్టి చూచారు. మొదటి ఆరు వారాలలో పట్టీ వేసినవారికి, వ్యాయామం చేసినవారికి త్వరగా సుఖం కలిగింది. ఆరు నెలలు గడిచేసరికి మూడు గుంపులవారూ సమానమే. అందరికీ చాలా వరకు తగ్గింది.

ఆయన ఇచ్చిన మాత్రలలో ఒకటి వాపుకు. అన్నం తిన్న తరువాతనే వేసుకొనవలెనని, కడుపులో పుండు గాని, మూత్రపిండాల జబ్బు గాని ఉన్నవారు అడగకుండా వేసుకోరాదని గట్టిగా చెప్పారు. మన ఊళ్ళలో మెడికల్ షాపుకు పోయి "ఒళ్ళునొప్పుల బిళ్ళ" అని కొనుక్కొని నెలల తరబడి మింగేవారు ఈ మాట జ్ఞాపకం ఉంచుకొనవలెను. రెండవది నరాల నొప్పికి, ప్రెగాబాలిన్ అనే మాత్ర. అది వేసుకొన్న మొదటి వారంలోనే జిల్లా పాస్టర్ల కూటమిలో, ఒక పెద్దాయన ప్రసంగిస్తుండగా మేము ముందు వరుసలో గురక పెట్టామట. తరువాత దానిని రాత్రిపూటకు మార్చారు.

మెత్తటి మెడపట్టీ ఇచ్చి రెండు వారాలకు మించి వేసుకోవద్దన్నారు. ఎక్కువ కాలం వేసుకొంటే మెడ కండలు సోమరులై బలహీనపడతాయట. ఈ పట్టీతో ఆదివారం పులుపిటెక్కగానే వచ్చిన సానుభూతి ఇంతా అంతా కాదు. ఒక సందర్శక ప్రసంగీకుడు మాత్రం, పట్టీ తీసి పారవేస్తే తప్ప మీలో విశ్వాసం లేనట్లే అని అందరి ముందు అన్నారు. మేము వాదించలేదు. జబ్బుపడిన హిజ్కియా రాజు పుండు మీద అత్తిపండ్ల ముద్ద వేయమని చెప్పినది ప్రవక్తయైన యెషయాయే. లూకా వైద్యుడు. ఇంతకు మించి మేము ఆ సంగతి ఎత్తలేదు.

మంగలి సోదరుని విషయం చెప్పవలసి ఉన్నది. క్షవరం అయిన తరువాత తలను రెండు చేతులతో పట్టుకొని చటుక్కున త్రిప్పి మెడ విరచుట మనకు అలవాటు. ఆ టక్కుమనే శబ్దం వింటే హాయిగా ఉంటుంది. "ఒక్కసారి విరిస్తే నరం సర్దుకుంటది అయ్యగారా" అని ఆయన ప్రేమతోనే అన్నాడు. డిస్కు జారిన మెడను అట్లా త్రిప్పితే గుజ్జు ఇంకా లోపలికి దూరవచ్చును. మెదడుకు రక్తం తీసుకొని పోయే నాళం చిరిగి పక్షవాతం వచ్చినవారు కూడా ఉన్నారు. మేము ఆ రోజు నుండి విరిపించుకొనుట మానివేశాము. మా ఇంట్లో పిల్లలకు కూడా మాన్పించాము.

ఫిజియోథెరపీ ఆయన నేర్పిన వ్యాయామం చూచేవారికి నవ్వు తెప్పించేది. గోడకు ఆనుకొని గడ్డం లోపలికి లాక్కొని అయిదు లెక్కపెట్టుట, అరచేతిని నుదుటికి ఆనించి తల కదలకుండా నెట్టుట. బరువులు కట్టి మెడను లాగే ట్రాక్షను కూడా పది రోజులు పెట్టారు. దాని వలన ఎంత మేలు జరిగిందో మేము చెప్పలేము. లాగినంతసేపు బాగుండేది.

జనవరి మొదటికి కూడా నెట్టే బలం పూర్తిగా రాకపోయేసరికి మేమే ఆపరేషను గూర్చి అడిగాము. అప్పుడు డాక్టరు గారు వివరంగా చెప్పారు. మెడకు ముందువైపు, ముడతలో కలిసిపోయేటంత చిన్న కోత పెట్టి, గాలిగొట్టమును, ఆహారనాళమును ప్రక్కకు జరిపి, చెడిన డిస్కును తీసివేసి, ఆ ఖాళీలో తుంటి ఎముక ముక్కనో, చిన్న పంజరం వంటి పరికరాన్నో పెట్టి రెండు ఎముకలను కలుపుతారు. అమెరికాలో స్మిత్, రాబిన్సన్ అనే ఇద్దరు, క్లోవార్డ్ అనే మరొకరు 1958లో ఈ విధానాలను వివరంగా ప్రకటించారు. ఇప్పుడు కొందరికి కదిలే కృత్రిమ డిస్కు పెడుతున్నారు. కొందరికి వెనుక నుండి నరం దారిని వెడల్పు చేస్తారు. ఆపరేషను చేసినవారికి చేతి నొప్పి త్వరగా పోతుంది. ఆగగలిగినవారికి కాలం గడిస్తే చివరకు ఫలితంలో తేడా తగ్గిపోతుంది. మెడలోకి స్టెరాయిడ్ ఇంజక్షను ఉన్నది గాని, కొన్నాళ్ళ ఉపశమనమే. అరుదుగా పెద్ద ప్రమాదాలు జరుగుతాయి గనుక తప్పనిసరైతేనే, ఎక్స్‌రేలో చూచుకొంటూ చేసే చోటనే చేయించుకోవాలన్నారు.

"గొంతుకు ఏమైనా అవుతుందా?" అని అడిగాము. కొందరికి కొన్ని రోజులు మింగుట కష్టమవుతుంది, గొంతు బొంగురుపోతుంది, నూటికి ఒకరో ఇద్దరో స్వరం పూర్తిగా కోలుకోనివారు ఉండవచ్చును అన్నారు. స్వరమే జీవనాధారమైన మనిషికి ఆ ఒక్క మాట చాలును. మేము ఆగుతామన్నాము. అది ధైర్యం కాదు, భయం. అయితే బలం ఇంకా తగ్గితే ఒక్క రోజు కూడా ఆగరాదని ఆయన షరతు పెట్టారు.

ఫిబ్రవరి నడిమికి రాత్రి నిద్ర పట్టింది. మార్చికల్లా సంచి మోటారు సైకిలు పెట్టెలోకి మారింది, చేతి బలం తిరిగి వచ్చింది. వేలి కొసన కొంచెం మొద్దు మాత్రం ఈనాటికీ ఉన్నది. 2018 ఏప్రిల్ 1న, ఈస్టరు ఆరాధనలో, మేము సాక్ష్యం చెప్పాము. డాక్టర్లు ఉన్నారు, మందులున్నాయి, అయినా ఓపికయే అసలు మందు అని చెప్పాము. అందరూ మెచ్చుకొన్నారు. ఆ మాట ఒకరి మీద ఎట్లా పనిచేసిందో ఇప్పుడు చెప్పాలి.

మా సంఘములో ఒక సోదరుడు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. అప్పటికి యాభై దాటినవాడు. ముప్పై ఏళ్ళు తల మీద, వీపు మీద బస్తాలు మోసినవాడు. ఒకప్పుడు త్రాగేవాడు, మానివేసి ఎనిమిదేళ్ళు అయినది. 2018 సెప్టెంబరులో సంస్కారం ఇస్తుండగా ఆయన చేతిలోని చిన్న గిన్నె జారి క్రింద పడినది. తరువాతి నెల మరలా పడినది. లేచి వెనుకకు నడుస్తుంటే బల్లలను పట్టుకొంటూ నడిచాడు. కమిటీలో ఒకరు, "మళ్ళీ మొదలుపెట్టినట్టున్నాడయ్యగారూ" అన్నారు. మేము కూడా అట్లాగే అనుకొన్నాము. అది చాలనట్లు, ఇంటికి పోయి ఆయన భార్య ఎదుటనే, "నిజం చెప్పు, త్రాగుచున్నావా?" అని అడిగాము.

ఆయన ఏడ్చాడు. "లేదయ్యగారా, నా బిడ్డల మీద ఒట్టు. చేతులు తిమ్మిరిగా ఉంటన్నయి. ఏది పట్టుకున్నా పట్టు తెలవట్లేదు" అన్నాడు. నొప్పి ఉన్నదా అని అడిగాము. పెద్దగా లేదన్నాడు. తల వంచితే వీపులోకి జిల్లుమంటున్నదని చెప్పాడు. మాకు అంతా తెలిసిపోయినట్లు అనిపించింది. "ఇది మెడ నరమే. మాకు వచ్చినదే. నీకు నొప్పి కూడా లేదు గనుక ఇంకా త్వరగా తగ్గుతుంది. ఓపిక పట్టు" అని చెప్పి, మా వ్యాయామాల కాగితం, మిగిలిపోయిన మా మాత్రలు ఇచ్చి, ప్రార్థన చేసి వచ్చాము. త్రాగుట లేదని తెలిసినందుకు సంతోషంగా ఇంటికి వచ్చామని కూడా జ్ఞాపకం.

2019 జనవరిలో ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, అరుగు మీదనే కూర్చున్నది. "అమ్మగారూ, ఆయన చొక్కా గుండీలు నేనే పెడతన్నా. నిన్న ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. ఇంకోటి యాడ జారిపోయిందో ఆయనకే తెలవదు" అని మా శ్రీమతికి చెప్పింది. రాత్రిళ్ళు మూత్రం ఆపుకోలేకపోవుచున్నాడని ఇంకా మెల్లగా చెప్పింది.

మరునాడు మా డాక్టరు గారి దగ్గరకే తీసుకొని వెళ్ళాము. ఆయన ఆ సోదరుని పిడికిలి గట్టిగా మూసి తెరవమన్నారు, గడియారం చూచుకొన్నారు. పది సెకన్లలో ఇరవై సార్లు చేయగలగాలట. తొమ్మిది సార్లకు ఆగిపోయాడు. మడమకు వేలు ఆనించి సూటిగా నడవమన్నారు. రెండు అడుగులు వేసి మా మీద పడ్డాడు. "ఎంత కాలంగా?" అని అడిగారు. సెప్టెంబరు నుండి అన్నాము. "ఇంతవరకు ఎందుకు తీసుకురాలేదు?" అన్నారు. మేము దాచలేదు. ఆపుకొనమన్నది మేమేనని చెప్పాము.

ఆయన కోప్పడలేదు. "అయ్యగారూ, మీకు నొప్పి ఎక్కువ, ప్రమాదం తక్కువ. ఈయనకు అది తిరగబడింది" అన్నారు. ఎమ్మారైలో రెండు చోట్ల డిస్కులు, పెరిగిన ఎముక కలిసి ప్రక్క నరాన్ని కాదు, నడుమనున్న వెన్నుపామునే నొక్కుచున్నవి. సాగరు కాలువ క్రింద సేద్యం చేసేవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పిల్లకాలువ పూడితే ఒక చేను ఎండుతుంది. పెద్ద కాలువ పూడితే దిగువ ఆయకట్టు అంతా పోతుంది. చేతులు, కాళ్ళు, మూత్రం, అన్నీ ఆ ఒక్క త్రాడులో నుండే పోతాయి. అక్కడ నొక్కుడు ఇట్లా పెరుగుచున్నప్పుడు కనిపెట్టి చూడరాదు. మాత్రలు, పట్టీ, వ్యాయామం దానిని తీయలేవు. ఆపరేషను కూడా పోయినది అంతా తిరిగి ఇస్తుందని చెప్పలేము. ఇంకా పోకుండా ఆపుట మొదటి ఉద్దేశ్యం. ఆలస్యమయ్యేకొద్దీ తిరిగి వచ్చేది తగ్గుతుంది.

వారి బంధువులు వేలూరు తీసుకొనిపొమ్మన్నారు. మన దేశంలో మెదడు, నరాల శస్త్రచికిత్సకు మొట్టమొదటి విభాగం 1949లో డాక్టర్ జేకబ్ చాండీ గారు అక్కడనే ప్రారంభించారు, ఆ నమ్మకం తరాలుగా వస్తున్నది. అయితే అంత దూరం పోయి వరుసలో ఉండేటంత సమయం లేదని డాక్టరు గారు అన్నందున గుంటూరులోనే, ఆరోగ్యశ్రీ మీద ఫిబ్రవరిలో ఆపరేషను జరిగినది. 2007లో మొదలైన ఆ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుచున్నది గాని, ఆ ఇంటికి అది లేకపోతే అర ఎకరం పొలం పోయేది. ఆపరేషను జరుగుచున్న మూడు గంటలు మేము వరండాలో కూర్చున్నాము. నెత్తి మీద చేయి పెట్టుకొనియే కూర్చున్నాము. ఈసారి మా మెడలో నొప్పి లేదు.

వారం రోజులు ఆయన రాగిజావ తప్ప మింగలేకపోయాడు. గొంతు బొంగురు నెలకు పోయినది. నాలుగవ నెలకు చేతి కర్ర లేకుండా నడిచాడు, మూత్రం అదుపులోకి వచ్చింది. చేతులు మాత్రం పూర్తిగా రాలేదు. గుండీలు ఇప్పటికీ భార్యే పెడుతుంది. బస్తా ఎత్తుట ఇక లేదు. ఒక గోదాము దగ్గర కాపలా పని దొరికింది, హమాలీ కూలిలో సగం కూడా రాదు. సెప్టెంబరులోనే తీసుకువెళ్ళి ఉంటే చేతులు ఎంతవరకు వచ్చేవో అని డాక్టరు గారిని ఒకసారి అడిగాము. "అది అడగకండి" అన్నారు.

ఆయనను మేము క్షమాపణ అడిగాము, త్రాగినాడని అనుమానించినందుకు ఒకసారి, ఆపినందుకు ఒకసారి. మొదటిదానికి, "పోనీయండయ్యగారా" అన్నాడు. రెండవదానికి ఏమీ అనలేదు. ఆ తరువాతి ఆదివారం కమిటీవారి సమక్షంలో మేము మరలా సాక్ష్యం చెప్పి, ఈస్టరు నాడు చెప్పినదానిని సరిచేశాము. చేయి లాగుచూ విపరీతమైన నొప్పి ఉన్నవాడు డాక్టరుకు చూపించుకొని, బలం తగ్గకుండా ఉంటే ఆగవచ్చు. నొప్పి లేకపోయినా చేతిలోని వస్తువులు జారిపోవుచున్నవాడు, చెప్పు ఊడినది తెలియనివాడు, నడక తూలుచున్నవాడు, మూత్రం పట్టు తప్పినవాడు మాత్రం పాస్టరు దగ్గరకు రాకముందే ఆసుపత్రికి పోవాలని చెప్పాము. ఆ ఉదయం ఎవరూ మెచ్చుకొనలేదు. ఆరాధన అయిన తరువాత ఒక తల్లి, తన మామగారు కూడా ఇట్లాగే చెప్పులు పోగొట్టుకొంటున్నాడని వచ్చి చెప్పింది. ఆయనను ఆ వారమే పంపించాము. ఆయనది షుగరు వలన వచ్చిన తిమ్మిరి అని తేలింది. దానికి మందు వాడుచున్నారు.

మా సంఘములో సంస్కారపు గిన్నెలు ఇంకా ఆ చిన్నవే. హమాలీ సోదరుడు ఇప్పుడు రెండు చేతులతో పట్టుకొంటాడు. ఆయన పూర్తిగా త్రాగి గిన్నె తిరిగి ఇచ్చేదాకా మేము ప్రక్కవారి దగ్గరకు కదలము.